బన్సీలాల్‌పేట్ స్నేహితురాలు

మా ఇంటికి కంప్యూటర్ వచ్చిన ఏడాదే నేను ఇంటర్‌లో చేరాను. సికింద్రాబాద్‌లో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే ఉండేవి. నాన్న బేగంపేటలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో అకౌంట్స్ చూసేవాడు. మాది విజయనగరం వైపు. నేరేడ్‌మెట్‌కు వచ్చి ఎంతో కాలం కాలేదు. కాలేజీలో నేను నోరు తెరిస్తే చాలు, "ఏటి, ఏటి" అంటూ నా యాసను పట్టుకుని ఆటపట్టించేవారు. దాంతో నోరు తెరవడమే మానేశాను.

అలాంటి రోజుల్లో చాట్ రూమ్‌లో ఒక పిల్ల పరిచయమైంది. బన్సీలాల్‌పేట్‌లో ఉంటానంది, తనదీ ఇంటర్ మొదటి ఏడాదేనంది. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేది. "ఏందే, గిట్ల పరేషాన్ అయితవ్? జెర నవ్వు" అనేది. ఈ ఊరి మాటలతో నన్ను దగ్గరకు తీసుకున్న మొదటి మనిషి ఆమే. సాయంత్రం రాగానే పుస్తకాల సంచీ ఒక మూల పడేసి కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. నాన్న అప్పటికింకా ఆఫీసులోనే ఉండేవాడు. నెట్ నడుస్తుంటే ఇంట్లో ఫోన్ మోగదు కాబట్టి, అమ్మ వంటింట్లోంచి కేకలేస్తూ ఉండేది.

ఆమెకు నేను చెప్పనిదంటూ లేదు. ఇంజనీరింగ్ అంటేనే ఏడుపొస్తుందనీ, నాన్న మొహం చూసి ఎంపీసీలో చేరాననీ చెప్పాను. కాలేజీకి రైలెక్కే స్టేషన్‌లో ఒకబ్బాయి రోజూ నన్ను చూసి నవ్వుతాడనీ, ఒకరోజు నేనూ నవ్వాననీ చెప్పాను. వారం తిరక్కుండానే నాన్న స్కూటర్ మీద నన్ను కాలేజీకి దింపడం మొదలుపెట్టాడు. ఆఫీసుకు అదే దారి కదా అన్నాడు. నాన్నకు నా మీద ఉన్నట్టుండి ప్రేమ పొంగుకొచ్చిందని మురిసిపోయాను. అది తలచుకుంటే ఇప్పటికీ ముందు నవ్వొస్తుంది, వెంటనే ఒళ్ళు మండుతుంది.

ఒక సాయంత్రం తలుపు సందులో పడి నా కుడిచేతి వేలు నలిగింది. అమ్మ పసుపు అద్ది గుడ్డ కట్టింది. ఎడమచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ సంగతి నా స్నేహితురాలికి చెప్పాను. చాలా రక్తం పోయిందని కాస్త కలిపి కూడా చెప్పాను. క్షణంలో జవాబొచ్చింది.

"ఏటైంది గుంటా? అమ్మ లేదా ఇంట్లో?"

బన్సీలాల్‌పేట్‌లో ఆడపిల్లను ఎవరూ గుంటా అనరు. ఆ మాట మా వైపుది. ఈ ఊళ్లో నన్నలా పిలిచేది ఇద్దరే. ఒకరు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నారు. నేను తెర వంక చూస్తూ ఉండగానే, తప్పు దిద్దుకోవడానికన్నట్టు "ఏమైందే అంటున్న" అని ఇంకో ముక్క వచ్చింది. ఫోన్ వైరు పీకేసి కూర్చున్నాను. నా ఒక్కగానొక్క స్నేహితురాలు ఆఫీసులో అకౌంట్స్ చూసుకుంటోందన్నమాట.

నాన్న ఇంటికి వచ్చాడు. చెప్పులైనా విడవకుండా నా చెయ్యి పట్టుకుని వేలు చూశాడు. "వేలు నలిగినట్టు నీకెవరు చెప్పారు?" అని అడిగాను. నాన్న తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు.

"ఏటి చెయ్యమంటావు మరి? పేపర్లో రోజూ ఎన్ని చూస్తన్నాం? అవతల నేను కాకుండా ఇంకెవడో ఉంటే?"

"నువ్వు ఉన్నావు కాబట్టే ఏడుస్తున్నాను నాన్నా."

"నీ మంచికే కదా గుంటా" అన్నాడు.

అమ్మ వైపు చూశాను. అమ్మ చప్పున వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమెకూ తెలుసు. ఫోన్ లైన్ గురించి అరిచిన అరుపులన్నీ నాటకమే. నమ్మించి గొంతు కోశారు అనే మాట అంతకుముందు వినడమే, ఆ రోజు అర్థమైంది.

అక్కడితో ఆగినా బాగుండేది. పిల్లలు ఇంటర్నెట్‌లో పడి చెడిపోకుండా ఏం చేయాలో చెప్పమని కాలనీవాళ్లు ఆదివారం కమ్యూనిటీ హాల్లో నాన్నను పిలిచారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో లెక్కలు రాసేవాడైనా సరే, కాలనీ దృష్టిలో సాఫ్ట్‌వేర్ మనిషే. "పిల్లలతో పిల్లలమై కలిసిపోవాలండీ" అని మొదలుపెట్టి, నా కథంతా చెప్పాడు. స్టేషన్లో నవ్వు కూడా వదల్లేదు. వెనక వరుసలో నేను కూర్చుని ఉండగానే చప్పట్లు మోగాయి. పక్కింటి ఆంటీ నా భుజం తట్టి, "మంచిగ చేసిండు మీ నాన్న. మా పోరి మీద సుత గిట్లనే ఓ కన్నేస్త" అంది. భూమి చీలితే బాగుండుననిపించింది. ఆ తరువాత కూడా నాన్నను చాలా కాలనీలవాళ్లు పిలిచారు. ప్రతిచోటా నేనే ఉదాహరణ.

వేసవి సెలవుల్లో ఒకరోజు మళ్ళీ చాట్ రూమ్ తెరిస్తే, ఎవరో కొత్త మనిషి నాకు మెసేజ్ పెట్టాడు. మంచివాడిలాగే మాట్లాడాడు. నేను చెప్పకుండానే నా కాలేజీ ఏదో అతనికి తెలుసు. తరువాత ఫోటో అడిగాడు, ఎలాంటి ఫోటో కావాలో కూడా చెప్పాడు. పంపకపోతే కాలేజీ గేటు దగ్గరకు వస్తానన్నాడు. ఈసారి అవతల నిజంగానే ఇంకెవడో ఉన్నాడు.

ఇంట్లో కూర్చుని, వరండాలో పేపర్ చదువుతున్న నాన్న వీపును చూస్తూ ఉండిపోయాను. ఒక్క మాట చెబితే స్కూటర్ తీసుకుని పోలీస్ స్టేషన్‌కు పరిగెత్తే మనిషే. కానీ చెబితే వచ్చే ఆదివారం ఇంకో కాలనీలో చప్పట్లు మోగుతాయి. నాన్న పేపర్ మడిచి లోపలికి వస్తూ, "ఇప్పుడు చాటింగులూ అవీ ఏటీ లేవు కదా?" అన్నాడు.

"లేవు" అన్నాను. నమ్మాడు.

అతను వచ్చాడో రాలేదో నాకు తెలియదు. ఆ ఏడాదంతా కాలేజీ గేటు దగ్గర తల ఎత్తకుండా నడిచాను. భయమేసిన ప్రతిసారీ ఎవరికైనా చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకునేది. చెప్పుకోవాలనిపించింది మాత్రం ఆ బన్సీలాల్‌పేట్ పిల్లకే.