రిబ్స్ మీద నిమ్మకాయ

నా రూమ్మేట్ సందీప్ ఉద్యోగంలో చేరడానికి రేపు వేరే రాష్ట్రంలో ఉన్న చాండ్లర్ వెళ్లిపోతున్నాడు. అందుకని సాయంత్రం మేముండే షామ్‌బర్గ్‌లో బార్బెక్యూ, అంటే పొగ మీద కాల్చిన మాంసం, తినడానికి వెళ్లాం. కూర్చోగానే గొడవ. ఉప్పు, మిరియాలు, పొగ చాలు, బార్బెక్యూ అంటే టెక్సాస్‌దేనన్నాడు. నాకు మండింది. చౌక మాంసాన్ని ఇంత రుచిగా మార్చింది కష్టజీవులు, వాళ్ల తియ్యటి కేన్సస్ సిటీ సాస్‌ని చులకన చేస్తావా అని ఉపన్యాసమే దంచాను. పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూశారు. కలిసి తినే చివరి భోజనం, ఎవరి ప్లేటు వాళ్లు ముందుకు లాక్కున్నాం.

కాసేపటికి వాడు అలవాటుకొద్దీ కౌంటర్లో ఉల్లిపాయ, నిమ్మకాయ అడిగి తెచ్చి, రిబ్స్ అనే పక్కటెముకల ముక్కల మీద నిమ్మకాయ పిండాడు. ఇద్దరం తలో ముక్క తిన్నాం.

"మా హన్మకొండ చౌరస్తా కాడ చీకుల బండి యాదికొస్తుందిర" అన్నాడు మెల్లగా.

నాకు గుంటూర్లో మా కాలేజీ గేటు ముందు, బొగ్గుల మీద విసనకర్ర ఊపుతూ పుల్లలకు గుచ్చిన మాంసం ముక్కలు కాల్చే బండి గుర్తొచ్చింది. ఇంకో ముక్క అందుకున్నాను.

"చీకులంటే గుంటూరువేరా. మీవి ఉత్త కారం."

"కారం గురించి గుంటూరోడు మాట్లాడుతుండు, సూడుర!"

కారెక్కేదాకా తిట్టుకుంటూనే ఉన్నాం. చాండ్లర్ మాట ఇద్దరం ఎత్తలేదు.

మీ ఊరి చీకులే గొప్పవంటారా? రండి, కామెంట్లలో తేల్చుకుందాం. రేపటి నుంచి నాకు పోట్లాడటానికి ఇంట్లో మనిషి ఉండడు.