జీడిపప్పు బట్టీలో మా అత్త

రాయడం కొత్త, తప్పులుంటే మన్నించండి. తిత్లీ తుఫానుకు ముందేడు పలాసలో జీడిపప్పు బట్టీలో పొట్టు తీసేదాన్ని. మతిమరుపు వచ్చిన మా అత్తను ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక, మేస్త్రీకి తెలియకుండా తెచ్చి బస్తాల వెనుక కూర్చోబెట్టాను.

మధ్యాహ్నం చూస్తే అక్కడ లేదు. జీడిపిక్కలు ఉడికించే ఆవిరి మబ్బులా కమ్ముకుని ఉంది. అందులో అత్త మేస్త్రీ చెయ్యి పట్టుకుని నిలబడింది. ఎప్పుడో చనిపోయిన తమ్ముడనుకుంది.

"ఒరే తమ్ముడా, బువ్వ తిన్నావేటి?"

పని పోయిందనుకున్నాను.

మేస్త్రీ మాత్రం, "తిన్నానప్పా. నువ్వు కూకో" అన్నాడు, సొంత అక్కతో అన్నట్టే.

నావైపు తిరిగి, "ముసల్దాన్ని బస్తాలెనక దాస్తావేటే? రేపట్నుంచి నీ పక్కన పీటెయ్యి" అన్నాడు.

అత్త ఉన్నన్నాళ్లూ రోజూ అదే అడిగింది. అతను ఒక్కరోజూ విసుక్కోలేదు. తలచుకుంటే ఇప్పటికీ కలలా ఉంటుంది.