పుట్టుకతోనే అరిగిన చక్రాలు

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు. కోపం ముందొచ్చేది, కారణాన్ని తర్వాత వెతుక్కునేదాన్ని. మేడ్చల్ దాటాక ఒక టైల్స్ గోదాంలో స్టోర్స్ చూసుకునే మొదటి ఉద్యోగం. ఆడపిల్లను నేనొక్కదాన్నే. గొంతు పెంచకపోతే ఎవరూ లెక్కచెయ్యరని ఎవరో చెప్పారు (ఎవరో గుర్తొస్తే ఇవాళైనా వెళ్లి పోట్లాడతాను).

గోదాం మొత్తానికి ఒక్కటే పాలెట్ జాక్. దాని రెండు ఇనప ఫోర్కులను చెక్క పాలెట్ కిందికి దూర్చి, హ్యాండిల్ కొట్టి పైకి లేపితే, టన్ను టైల్స్‌నైనా ఒక్క మనిషి లాక్కుపోవచ్చు. బరువంతా ఫోర్కుల చివర ఉండే రెండు చిన్న నైలాన్ చక్రాల మీదే. అవి ఒకవైపు ఏటవాలుగా అరిగిపోయి, బండి నేలను గీరుతుంటే, లాగేవాళ్లలో పెద్దవాడు (అందరికీ కాకాయే) నడుం పట్టుకుని, "బిడ్డా, చక్రాలు మార్పియ్యి. నా నడుము ఇగ ఆగేటట్టు లేదు" అన్నాడు. మర్నాడే లారీ లోడు. సుచిత్ర సెంటర్లో షాపువాడు కొత్తవి రావడానికి వారం పడుతుందని ఫోన్లో ఆవులిస్తూ చెప్పాడు. ఆ ఆవులింతకు ఒళ్లు మండి, పాత చక్రాలు విప్పించి, సంచిలో వేసుకుని, కొత్తవి చేయించడానికి సూరారంలో లేత్ మిషన్ పనివాడి దగ్గరికి బయల్దేరాను.

ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి, "చెల్లె, గివి అరిగినయి గదా. అసలు సైజెంత?" అన్నాడు. నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం మా వంశంలో లేదు.

"నీకు పని వస్తే జెయ్యన్నా, లేకుంటే లేదను. శాంపిల్ ఎట్లుంటే అట్లనే ఉండాలె. వెంట్రుకవాసి తేడా వచ్చినా తీస్కోను!"

"గది గాదు చెల్లె..."

"చెప్పింది జెయ్యి!"

"సరే మల్ల, నీ ఇష్టం."

చేశాడు. పొద్దున కాకా పొట్లం విప్పితే తెల్లగా, నిగనిగలాడుతూ, ఒకవైపు ఏటవాలుగా, పుట్టుకతోనే అరిగిపోయిన రెండు కొత్త చక్రాలు! బిగిస్తే బండి మళ్లీ నేలను గీరింది. ఫోన్ తీసి, "శాంపిల్ లెక్కనే జెయ్యమంటే అరిగినయే జేస్తవా!" అని గోదాం అదిరేలా అరిచాను. ఆయన నెమ్మదిగా, "పాతదాని పక్కన వెట్టి సూడు. తేడా ఉంటే వాపస్ తీస్కుంట" అన్నాడు. పెట్టి చూశాను. లేదు.

లారీ వచ్చేసింది. ప్రతి పెట్టెనూ భుజాల మీద మోసి దించారు. "లేతాయన సైజు అడగలేదా బిడ్డా?" అన్నాడు కాకా. "అడగలేదు" అన్నాను. అంతే, పొద్దంతా మోస్తూనే, అందరూ వినేలా ఆ లేతాయన్ని తిట్టాడు. ఆ తిట్లన్నీ నాకే తగులుతున్నాయి. నేనూ ఒక పెట్టె ఎత్తబోతే గుంజుకున్నాడు.

మర్నాడు కాకా పనికి రాలేదు. నడుం పట్టేసిందట. సాయంత్రం బామ్ సీసా పట్టుకుని ఇంటికెళ్లి, నిజం చెప్పేశాను.

"ఎరుకే బిడ్డా. నువ్వు ఫోన్ల ఒర్రినప్పుడే ఎరుకైంది."

నాకు మళ్లీ కోపం వచ్చింది. "మరి పొద్దంతా పాపం ఆయన్నెందుకు తిట్టినవ్?"

"నడుమేమో గుంజవట్టె. నిన్నంటే మనసొప్పకపాయె. ఎవర్నో ఒకర్ని తిట్టాలె గదా!"

సీసా మూత తీసి కాకా చేతిలో పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే అప్పట్లో నేనైన ఆ పిల్లకు రెండు తగిలించాలనిపిస్తుంది. ఆ తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని కాస్త టీ పొయ్యాలనీ అనిపిస్తుంది.