చల్లటి మోటారు కోసం హోసూరు దాకా

బుడ్డప్పా, నీ పడవకు మోటార్లు కొనడానికి నేనూ మంజులా పోయి వచ్చాం. నువ్వుంటే ఈ ప్రయాణంతో నాకేం పని?

చదివేవాళ్ళకు మొదటి నుంచి చెబుతాను. బుడ్డప్ప నా కొడుకు. మంజుల వాడి భార్య. కృష్ణగిరి డ్యాం వెనక నీళ్ళలో వాడు మామిడి పెట్టెలు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చేర్చేవాడు. వాడిది కాటమరాన్ పడవ. రెండు పొడవాటి తొట్లు, వాటి మీద పలకలు, ఒక్కో తొట్టికి వెనక ఒక్కో మోటారు. అందులో ఒకటి పాతది కొన్నాడు. కొన్న రోజు తాడు ఒక్క లాగు లాగితేనే ఇంజను లేచిందని సంబరపడ్డాడు. ఇంటికొచ్చాక ప్రతి పొద్దునా మొండికేసేది, వేడెక్కాకే మాట వినేది. పోయిన ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఒకరోజు ఆ గట్టున పెట్టెలు దించేలోగా అది చల్లారింది. ఎలాగో లేపి బయలుదేరాడు. నడినీళ్ళలో మళ్ళీ ఆగిపోయింది. వంగి తాడు లాగుతుంటే రెండో మోటారు పడవను గుండ్రంగా తిప్పింది, వాడు నీళ్ళలో పడిపోయాడు. ఈత వచ్చినవాడు ఎందుకు బయటికి రాలేకపోయాడో నాకు ఈరోజుకీ తెలియదు. పెట్రోలు అయిపోయేదాకా ఖాళీ పడవ తిరుగుతూనే ఉండిందని మేకలు తోలేవాళ్ళు చెప్పారు.

ఆ పడవ నా కంటికి కనపడకూడదని నేను. మంజుల వినలేదు. "పడవ నేనే నడుపుతా అత్తా. నువ్వొద్దన్నా నడుపుతా. మోటార్లు మాత్రం నువ్వొచ్చి చూడు" అంది. నా ఆవులు రెండూ అమ్మి బయలుదేరాను. ఇంకొకరిని కూడా ఆ నీళ్ళకు ఇచ్చే మోటారు కొంటామేమోనన్నదే నా భయం.

కృష్ణగిరి బస్టాండులో పొద్దున్నే హోసూరు బస్సెక్కాం. తలకు యాభై రూపాయల దాకా టికెట్టు. శూలగిరి మీదుగా గంట పైనే పట్టింది. చింతపండు అన్నం పెద్ద డబ్బా నిండా కట్టుకున్నాం. దారిలో మంజుల, హోసూరులో పాత మోటార్లు అమ్మే షెడ్డతనికి ఫోన్ చేసి వస్తున్నామని చెప్పింది. అదే మేం చేసిన తప్పు. హోసూరులో దిగి షేర్ ఆటోలో బాగలూరు రోడ్డుకు పోయాం. రేకుల షెడ్డు, లోపల పాత మోటార్ల వరస. అన్నీ సముద్రం పక్క ఊళ్ళ నుంచి తెచ్చినవేనట.

"రాండమ్మా, కూచోండి. మీ మొగోళ్ళు యాడ?" అన్నాడు షెడ్డతను.

"మొగోళ్ళు లాగితేనే లేస్తాదా నీ మోటారు? అట్లయితే మాకొద్దులే" అంది మంజుల.

అతను నవ్వి, నీళ్ళ డ్రమ్ముకు బిగించిన మోటారు తాడు పట్టుకున్నాడు. "ఉండప్పా" అని నేను దాని మూత మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. పక్క మోటారు తాకితే చల్లగా ఉంది.

"దీన్ని ఎప్పుడు తిప్పినావప్పా?"

"తిప్పలేదమ్మా, ఎండకు కాగింది."

"రేకుల కింద ఎండ యాడుండాది? పక్కదాని మీద పడని ఎండ దీని మీదే పడిందా?"

"ఏమ్మా, కుండను తడిమినట్టు తడమతా ఉండావు. అన్నం ఉడికిందా?"

"ఉడికింది నాయనా. మేం వచ్చేలోగా నువ్వే ఉడికించినావు. చల్లారినాక లాగతాం. అంతవరకు ఈడనే కూచుంటాం."

అతని ముఖం మారింది. మధ్యాహ్నం షెడ్డు మూస్తానన్నాడు. మీకు ఆకలేస్తుంది, తొందరగా తేల్చుకోమన్నాడు. మేం బోర్లించిన పెట్టెల మీద కూర్చుని డబ్బా విప్పాం. "నువ్వూ రాప్పా" అని పిలిస్తే కాసేపు బిగదీసుకుని, వచ్చి తిన్నాడు. చెడ్డవాడని రాయలేను.

మూత చల్లబడ్డాక మంజుల లాగింది. లేవలేదు. మళ్ళీ లాగింది. అరచెయ్యి ఎర్రగా కందిపోయేదాకా లాగుతూనే ఉంది. డ్రమ్ము మీదికి వంగిన ఆ వీపు చూస్తుంటే నా కొడుకు అక్కడ ఎలా వంగి ఉంటాడో కళ్ళకు కట్టింది. "చాలు మంజులా, ఇడ్సిపెట్టు" అన్నాను.

"పాత ఇంజనంటే అట్లనే ఉంటాదమ్మా" అన్నాడతను, ఎటో చూస్తూ. నేను డబ్బా సర్దుకుని లేచాను.

మళ్ళీ బస్సెక్కి, పొద్దు వాలే ముందు కృష్ణగిరి పాతపేటలో ఒక పెద్దాయన ఇంటికి పోయాం. చెరువులో బోటింగు నడిపి మూసేశాడు. ఒకే రకం మోటార్లు రెండున్నాయని విన్నాం. ఈసారి ఫోన్ చేయలేదు. ఆయన పశువుల కొట్టంలో నీళ్ళ తొట్టికి బిగించిన మోటార్లు చూపించి, "నెలకొక్కసారే తిప్పేది. తాకి సూడు తాయీ" అన్నాడు.

తాకాను. చల్లగా ఉంది. మంచిదే. అయినా ఆసుపత్రిలో నా బిడ్డ నుదురు తాకినప్పుడు ఉన్న చల్లదనం అది. చెయ్యి తీయలేకపోయాను. పెద్దాయన, "ఏమ్మా, చాలదా?" అన్నాడు. మంజుల నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, "తియ్యి అత్తా, నేను లాగాల" అంది.

రెండో లాగుకు లేచింది. దాని జత కూడా అంతే. ఇంజను పక్క నుంచి సన్నగా నీటి ధార చిమ్మింది. "ఈ ధార ఆగితే ఇంజను ఆపెయ్యాల, లేకుంటే కాలిపోతాది" అని చెప్పి, "ఒకే అడుగేసే ఎద్దులమ్మా ఇవి, ఇడదీయొద్దు" అన్నాడు. జత లక్షకు కొంచెం లోపల పడింది. సామాన్లు మోసే చిన్న బండిని మా పక్క కుట్టియానై అంటారు. దానికి ఎనిమిది వందలిచ్చి డ్యాం దాకా తెచ్చుకున్నాం.

ఇప్పుడు మంజుల రోజూ పోతోంది. నేను గట్టు మీద నిలబడి వింటాను. రెండు మోటార్ల చప్పుడు కలిసి వచ్చినంతసేపు నిలబడగలుగుతాను. గాలికి ఒకటి తగ్గినట్టు వినిపిస్తే కూలబడతాను. మోటార్లు మంచివే. నా భయం మాత్రం అలాగే ఉంది. ఆమెను తినకుండా పడవ ఎక్కనివ్వను. ఆ రోజు వాడు "వచ్చి తింటామ్మా" అని టీ మాత్రం తాగి పోయాడు. వాడి కోసం వండింది చీకటి పడేదాకా మూత తీయకుండా ఉంచాను.

మీరు పాత మోటారు కొనబోతే ముందుగా చెప్పకుండా పోండి. తాడు ముట్టుకునే ముందు మూత తడమండి. వెచ్చగా ఉంటే చల్లారేదాకా అక్కడే కూర్చోండి. ఆకలి మీద ఎవరూ అంతసేపు కూర్చోలేరు, ఏదో ఒకటని కొనేసి లేస్తారు. అందుకని ఇంట్లో నుంచి కదిలే ముందు, ఎంత తొందరున్నా, కడుపు నిండా తినండి.