జీపులో చిన్న గేరు

దసరాకు మా అబ్బాయి బండికి కట్టిన నిమ్మకాయ ఎండకు మగ్గి వాసన వేస్తోంది. ఆ వాసన తగిలితే నాకిప్పటికీ మా నాన్న జీపు గుర్తొస్తుంది.

పాత జీపుల్లో పెద్ద గేరు పక్కన ఇంకో చిన్న గేరు ఉండేది, మన ఈడు వాళ్లకు గుర్తుందా? అది వేస్తేనే ముందు చక్రాలకూ బలం అందేది. మా జీపులో దాన్నెవరూ వాడలేదు. ఏటా దసరాకు అమ్మ దానికి కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టేది, అంతే.

ఒక వానాకాలం ఝరాసంగం నుంచి వస్తూ, వాగు దాటి ఒడ్డెక్కబోతుంటే జీపు దిగబడింది. వెనక చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి. నీళ్లు నా పాదాల మీదికొచ్చాయి. నాన్న చిన్న గేరు లాగాడు. తుప్పుపట్టి కదల్లేదు.

"బండి జర వెనక్కి జారితేనే పండ్లు కలిసి గేరు పడుతది. నేను క్లచ్ తొక్కుత, నువ్వు గుంజు," అన్నాడు అమ్మతో.

"వెనక వాగున్నది గద!"

"గుంజు!"

జీపు వాగులోకి జారింది. నేను సీటు గట్టిగా పట్టుకున్నాను. అమ్మ రెండు చేతులా గుంజింది. ఖట్‌మని గేరు పడింది, ముందు చక్రాలు నేలను పట్టుకున్నాయి.

ఒడ్డెక్కాక నాన్న, "ఏటేటా మొక్కినం గాని, ఒక్కనాడన్న కదిపినమా?" అన్నాడు.

అమ్మ గేరు వదిలి చేతులు చూసుకుంది. ఆమె అరచేతులు ఎర్రగా ఉన్నాయి. అది కుంకుమో నెత్తురో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.