మారిస్ మైనర్‌లో నా చెయ్యి

నేను చెప్పేది అబద్ధమనేటోడు ఎవడన్నా ఉంటే ఇప్పుడే లేసి పోండప్పా! మధ్యలో గొణిగితే ఊరుకోను. నిన్న గార్లదిన్నెలో, ఓబులమ్మ టీ కొట్లో, నా అరవై ఏండ్ల నిజం టీవీలోకొచ్చింది. వచ్చి ఏమైందో వినండి.

తెరమీద పాత ఇంగ్లీషు కారు ఏదొచ్చినా నా కన్ను దాటిపోదు. దుమ్ములో మడ్‌గార్డు ఒక మూల కనపడితే చాలు. ఆస్టినా, హిల్మనా, దాని తాత ఎవరు, అన్నీ చెప్పేస్తా. ఇంట్లో ఒక్కన్నే కూర్చోని టీవీకే గట్టిగా చెప్తాంటా. "ఔను" అనేదానికి మా ఆమె లేదు, పోయి ఆరేండ్లాయె. గోడమీది బల్లి ఎప్పుడన్నా టిక్కుమంటాది, సత్యమే అన్నట్ల.

వయసులో నేను తాడిపత్రి నూనె మిల్లు శెట్టిగారి మారిస్ మైనర్‌కు డ్రైవర్ని. సినిమావోళ్లు ఒక పూటకు ఆ కారడిగినారు. హీరో వెనక సీట్లో, స్టీరింగు నా చేతిలో! ఆ కారుకు మలుపు చూపించే లైటు ఇప్పట్లా మినుకుమినుకుమనేది కాదు. తలుపు పక్కనుంచి ఎర్రటి పుల్ల ఒకటి బయటికి లేస్తాది. మా కారుకు అది ఇరుక్కుంటాండె. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఒక గుద్దు గుద్దితేనే లేసేది. ఆ గుద్దు సినిమాలో పడింది. ఇదో, ఈ రాగి కడియంతో సహా!

ఎంతమందికి చెప్పినా నమ్మినోడు లేడు. లారీ తోలి తోలి మానేసిన కుళ్లాయప్పదైతే రోజూ అదే ఎగతాళి.

"ఏమప్పా, హీరోకు యాక్టింగు గూడా నువ్వే నేర్పించినావా?"

"డ్యాన్సొక్కటే నేర్పించినా, పోరా!"

నిన్న మధ్యాన్నం ఆ సినిమా టీవీలో వస్తాదని మొన్ననే తెలిసింది. వానల్లేవు, చేన్లో పనిలేదు, కొట్లో రెండొందల మంది జనం! సరే, పదిమంది. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకోని పోయినా.

కారొచ్చింది!

"అదో మారిస్సు! హెడ్‌లైట్లు చూడండి, బుగ్గల్లో పెట్టినట్ల!" అని లేసినా. టీవీ ముందరికి పోయినా. జనం దిక్కు తిరిగినా. "ఇప్పుడు మలుపు... పుల్ల ఇరుక్కుంటాది... ఈడ చూడండి, ఈడ!" అని, ఆ పొద్దు ఎట్లా గుద్దినానో చెయ్యెత్తి చూపించినా.

"తాతా, జరుగు!"

"అడ్డం లే అన్నా!"

అరుస్తాండారు. మెచ్చుకుంటాండారనుకోని ఇంగోసారి గుద్దినా.

తిరిగి చూస్తే టీవీలో సబ్బు అడ్వర్టైజ్‌మెంటు.

నా చేతిని నా వీపే మూసేసింది! అరవై ఏండ్లు కాచుకున్నది నేను గూడా చూల్లేదు. జనం నా తెల్లచొక్కా చూసి, పడిపడి నవ్వి, పోయినారు. ఫోన్లో వెతికిస్తే ఆ సినిమా యాడా దొరకలే.

కొట్టు ఖాళీ. టీవీ దగ్గర్లో పక్కగోడకానుకోని కూర్చున్న కుళ్లాయప్ప మాత్రం లేయలే. ఆడికి నా వీపు అడ్డం రాదు! నా కడియం దిక్కే చూస్తాండాడు.

"చూసినావా?" అన్నా.

"చూసినా."

"మరి అందరి ముందర చెప్పకపోతివే!"

ఆయప్ప తన టీలో సగం నా గ్లాసులోకి వంచినాడు.

"చూసినా అని చెప్తే, రేపట్నుంచి మనిద్దరికీ మాట్లాడుకునేదానికి ఏముంటాదప్పా?"

ఆ సగం టీ చుక్క మిగలకుండా తాగినా. ఇది మాత్రం గోరంత గూడా పెంచి చెప్పింది కాదు.

రుజువు కావల్లంటే పోయి సాక్షినడగండి. చూల్లేదనే అంటాడు. పేరు కుళ్లాయప్ప.