కాస్త వేడెక్కనివ్వండి

మా ఆర్కెస్ట్రాలో మౌతార్గాన్ వాయించే ఆయన ఎక్కడికొచ్చినా సొంత ఆంప్లిఫయర్ చంకన పెట్టుకొనే వచ్చేవారు. పాత రేడియో పెట్టెలో వాల్వులు బిగించి చేయించుకున్న చిన్న సెట్టు అది. డెబ్భైల్లో గవర్నర్‌పేట షాపుల నిండా మెరిసే ట్రాన్సిస్టర్ సెట్లు వచ్చినా దాన్ని వదల్లేదు. స్విచ్ వేసి, పెట్టె మీద అరచెయ్యి ఆనించి, "కాస్త వేడెక్కనివ్వండి" అనేవారు. అందాకా తబలా ముందు నేను విసుక్కుంటూ కూర్చునేవాణ్ణి.

ఉయ్యూరు దగ్గర ఒక పెళ్లిలో ఆడపిల్ల తండ్రికి అది నచ్చలేదు. పాట పక్క ఊరిదాకా వినపడాలని ఆయన చెట్లకు హారన్లు కట్టించాడు.

"ఆ డబ్బా ఏంటండీ? మైకులో వాయించండి."

"అందులో అరుపే వస్తుందండి, ఊపిరి రాదు."

"అయితే మీ పాట వద్దులెండి."

ఆయన మౌతార్గాన్ తీసి జేబులో పెట్టుకున్నారు. అంతలో మైకుసెట్టతను వచ్చి, పాడే మనిషి ముందు పెట్టినట్టే, మైకుని ఆ పెట్టె ముందు పెట్టాడు. ఆ ఉపాయం మాలో ఎవరికీ తట్టలేదు. ఆయన వాయించగానే పెట్టె బొంగురు గొంతు హారన్లలోంచి చెరకు తోటలు దాటి వెళ్లింది. పంక్తిలో వడ్డించేవాళ్లు గరిటెలు పట్టుకొని అలాగే నిలబడిపోయారు.

ఆఖర్న ఆ తండ్రే వచ్చి ఆయనకు శాలువా కప్పాడు. ఆయన దణ్ణం పెట్టి, శాలువా తీసి పెట్టెకు చుట్టారు.

"అదేంటండీ?" అన్నాను.

"ఇంకా వేడి మీదుందండీ. చలిగాలి తగలకూడదు."

తిరుగు ప్రయాణంలో లారీ మీద ఆయన ఒట్టి చొక్కాతో వణుకుతూ, ఆ శాలువా మీద అరచెయ్యి ఆనించే కూర్చున్నారు.